రెండేళ్ళ కాలేజీకి కొత్త బ్యాచ్

1 ఆగస్టు 1990, బుధవారం

ఇంకా దొరుకుతూనే ఉన్నాయి టీ గ్లాసులు. డ్రాయింగ్ బోర్డుల కింద రెండు, లేత్ మెషీన్ మీద ఒకటి, ప్రొజెక్టర్ పెట్టెలో ఒకటి. ఆ పెట్టెకు తాళం వేసేది నేనే. నాకు తెలియకుండా తాళం తీసి, గ్లాసు లోపల పెట్టి, మళ్ళీ తాళం వేసిన మహానుభావుడు ఎవడో గానీ వాడికి పరీక్ష లేకుండానే డిప్లొమా ఇచ్చేయొచ్చు.

సమ్మర్ కోర్సు పిల్లలు ఎప్పుడూ ఇంతే. పాసైన వాళ్ళు ఈ ఎండలకు లండన్ పోతారు. మిగిలిన వాళ్ళు నాకు మిగులుతారు.

రెండేళ్ళ కాలేజీ అంటే ఈ కువైట్‌లోనూ చులకనే. యూనివర్సిటీకి మార్కులు చాలని వాళ్ళ కోసం అంటారు. అననీ. డెబ్బై ఆరులో మొదలైనప్పుడు ఇది చిన్నపిల్లల బడి. ఆరు గదులు, పొట్టి బెంచీలు. మొదటి బ్యాచ్ అంతా మీసాల మగాళ్ళు, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. వాళ్ళతో పాటే నేనూ చేరాను, ఫర్రాష్‌గా. బెల్లు కొట్టాలి, టీ ఇవ్వాలి, ఊడవాలి. ఇప్పుడు రెండంతస్తులు, వర్క్‌షాపు, సాయంత్రం బ్యాచ్. ఆ మీసాల వాళ్ళలో ఒకడు కరెంటు ఆఫీసులో పెద్ద దొర. మొన్న జమియా సూపర్‌బజారులో కనబడి, గంగూ, నీ టీ లాంటిది మా ఆఫీసులో లేదు అన్నాడు. ఆఫీసుకు ఆ ఒక్క లోటే ఉంటే మంచిదే.

నేను చదివింది సుండుపల్లి పక్కన మా ఊరి బడిలో ఐదు. ఇక్కడ పద్నాలుగేళ్ళు ఉన్నాను. రెండేళ్ళ కోర్సు ఏడుసార్లు చదివినట్టు లెక్క.

ముదీర్ గారు, అంటే మా ప్రిన్సిపాల్, కైరో పోతూ తాళాల గుత్తి నా చేతిలో పెట్టాడు. శనివారం లెక్కల పరీక్ష ఉంది గంగూ, నువ్వు టైముకు బెల్లు కొట్టు, మిగతాది దేవుడు చూసుకుంటాడు అన్నాడు.

2 ఆగస్టు, గురువారం, తెల్లవారుజాము

పార్కింగులో పిల్లలు కార్లు గిరగిరా తిప్పుతున్నారనుకుని చీపురు తీసుకుని గేటు దగ్గరికి పరిగెత్తాను. ట్యాంకు. చీపురు వీపు వెనక పెట్టుకున్నాను.

4 ఆగస్టు, శనివారం

ఇరాక్ వాళ్ళు ఊరంతా ఉన్నారు. ఫోన్లు పలకడం లేదు. అయినా ఎనిమిదికి పరీక్ష బెల్లు కొట్టాను. చెప్పిన పని చెప్పినట్టు చేయాలి కదా.

ఒక్కడే వచ్చాడు. సాయంత్రం బ్యాచ్ బదర్. ముప్పై దాటిన కువైటీ, ఇద్దరు పిల్లల తండ్రి, పగలు కరెంటు పని చేస్తాడు. లెక్కల్లో మూడుసార్లు పోయాడు. పరీక్షకే వచ్చావా అంటే నవ్వాడు. నిచ్చెన అడిగి, గేటు మీది కాలేజీ బోర్డు ఊడదీశాడు. ఊర్లో వీధుల పేర్లు కూడా తీసేస్తున్నారట, సైన్యానికి దారి తెలియకుండా. బోర్డు లేకపోతే మన పిల్లలకు కూడా తెలియదు కదా అన్నాను. బోర్డు ఉన్నప్పుడు మాత్రం ఎవడు టైముకు వచ్చాడు గంగూ అన్నాడు.

9 ఆగస్టు, గురువారం

ఇద్దరు వచ్చారు. ఒకరు నడిచి, ఒకరు జమియా ట్రాలీలో.

నడిచి వచ్చింది ఖాజా హుస్సేన్. మా కడప వాడే, రుమైథియాలో ఒక ఇంటికి డ్రైవర్. ట్రాలీలో ఉంది మద్దమ్మ, పక్కింట్లో వంటమనిషి, రాయచోటి దగ్గరామె. కుడికాలికి మోకాలి కింద నుంచి పిండికట్టు. ఇంటి యజమానులు సెలవుల కోసం బయటి దేశం పోయి ఉన్నారు. మద్దమ్మ ఒక్కతే ఉన్నప్పుడు సైనికులు ముందు గోడ దూకారు. ఈమె వెనక గోడ దూకింది.

ఎగిరేది బాగానే ఎగిరినా గంగులన్నా, దిగేదే సరిగ్గా రాల్యా అంది. పళ్ళు బిగబట్టి ఉంది, అయినా నవ్వించాలని చూస్తోంది. ఆస్పత్రిలో కట్టు కట్టారు గానీ మంచం లేదన్నారంట. డాక్టరు మనోడే, రెండు నెలలు ఈ కాలు నేల మీద పెట్టొద్దు అని చెప్పాడంట. అంబులెన్స్ అడిగితే నగినారన్నా, జమియా ముందర ట్రాలీ ఉండాది, దీంట్లో ఏసుకోని తోసుకోనొచ్చినా అన్నాడు ఖాజా. దారిలో ఒక చక్రం తిరగలేదంట. ఇద్దరూ ఆ చక్రాన్ని తిట్టడంలో సైన్యాన్ని తిట్టడం మర్చిపోయారు.

మూడో రూములో పడక వేశాను. అది స్టాఫ్ రూముకు దగ్గర, కిటికీ చిన్నది.

14 ఆగస్టు, మంగళవారం

ఒకరికి ఒకరు చెప్పుకున్నట్టుంది. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, అమ్ఘరాలో సిమెంటు పని చేసే జగిత్యాల వాళ్ళు. వాళ్ళకు పెద్ద లచ్చన్న. వచ్చీ రాగానే, కాకా, గీ కాలేజీల సీటు దొర్కుతదా, మా మార్కులు జర తక్కువున్నయ్ అన్నాడు. ఇక్కడ అందరివీ తక్కువే, రా అన్నాను.

కొందరి పాస్‌పోర్టులు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, ఇరుక్కున్నాయి. కఫీల్ ఏ దేశంలో ఇరుక్కున్నాడో ఎవరికీ తెలియదు. ఎంబసీ కాగితం ఇస్తే గానీ కదలలేరు.

25 ఆగస్టు, శనివారం

మనవాళ్ళ కమిటీ బస్సులు వేస్తోంది. బస్రా, బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్. బోర్డర్ దగ్గర ఎడారిలో మూటలు మోసుకుని మైళ్ళు నడవాలంట. నడవలేని వాళ్ళు ఇప్పుడే రావద్దు అన్నాడు కమిటీ మనిషి. మద్దమ్మ కాలు చూసి మరీ అన్నాడు.

కాగితాలున్న వాళ్ళు వెళ్ళిపోయారు. ఖాజా దగ్గర కాగితం ఉంది. అయినా బస్సెక్కలేదు. ఎందుకురా అంటే, ట్రాలీ ఎవరు తోస్తారన్నా అన్నాడు.

3 సెప్టెంబర్, సోమవారం

ఇరాక్ కెప్టెన్ ఒకడు జీపులో వచ్చాడు. సన్నగా, ఎండకు కమిలిన ముఖం. ఈ బిల్డింగ్ ఏమిటి అన్నాడు. కాలేజీ అన్నాను. బళ్ళు, కాలేజీలు అన్నీ శనివారం తెరవాలని ఆర్డరంట. తెరవనివి సైన్యం తీసుకుంటుందంట. మీది తెరుస్తారా, మూసి ఉందా అని అడిగాడు.

సైన్యం వస్తే వీళ్ళందరూ ఎండలో రోడ్డు మీద. మిగిలిన వాళ్ళు ఎక్కడికో ఒక చోటికి నడిచి పోతారు. మద్దమ్మ ఎక్కడికి పోతుంది?

తెరుస్తాం సాయిబూ, శనివారం ఎనిమిదికి మొదటి బెల్లు అన్నాను. నా నోరు నన్ను అడగకుండానే అనేసింది.

5 సెప్టెంబర్, బుధవారం

కువైటీ పిల్లలెవరూ రారు. ఆక్రమించిన వాళ్ళు తెరవమన్న బడికి పోకూడదని వాళ్ళ నిర్ణయం. న్యాయమే. కానీ ఆర్డరులో కాలేజీ తెరవాలని ఉంది, ఎవరు చదవాలో లేదు. ఫారిన్ బ్యాచ్ అని చెబుతాం.

కాలేజీ ఎలా నడుస్తుందో నాకు తెలుసు. పాఠం చెప్పేది లెక్చరర్లే గానీ నడిపేది మాత్రం బెల్లూ, టీనే. ఖాజా అరబ్బీ చదవగలడు, కాబట్టి వాడే లెక్చరర్. ముదీర్ గారి కోటు కొక్కేనికి వేలాడుతోంది, వాడికిచ్చాను. చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. సార్ చాలా చిక్కినాడే అంది మద్దమ్మ. లచ్చన్న మాత్రం దిగులుగా ఉన్నాడు. కాకా, నేను రెండో తరగతి దాంక పోయిన. ఆడనే పంతులు కొడితే ఉరికిన. గిప్పుడు కాలేజంటే ఎట్ల అన్నాడు. ఈ పంతులు కొట్టడులే, కోటు అడ్డం అని ధైర్యం చెప్పాను.

8 సెప్టెంబర్, శనివారం

కొంచెం వివరంగానే రాయాలి.

ఎనిమిదికి బెల్లు కొట్టాను. నెల తర్వాత ఆ మోత వింటే ఒళ్ళు పులకరించింది. తొమ్మిదికి కెప్టెన్ ఇద్దరు సైనికులతో వచ్చాడు. ఇన్‌స్పెక్షన్ వాళ్ళను తిప్పడంలో నాకొక పద్ధతుంది. ముందు కడిగిన బాత్రూములు చూపించాలి. తర్వాత వర్క్‌షాపు. క్లాసు దగ్గరికి వచ్చేసరికి టీ మీదికి మనసు పోతుంది. పద్నాలుగేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు.

అంతా బాగానే సాగింది. వరండా మలుపు తిరిగాం. అక్కడ, క్లాసు గుమ్మం ముందు, చెప్పులు.

వరుసగా. ఆడవాళ్ళవి ఒక పక్క, మగవాళ్ళవి ఒక పక్క. నీలం హవాయి చెప్పులు, అరిగిన మడమలు, లచ్చన్న సిమెంటు చెప్పులు, చివర మద్దమ్మది ఒంటి చెప్పు. విడవమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పే పనేముంది? మా ఊరి బడిలో చెప్పులతో గడప దాటితే అయ్యవారు చెవి మెలేసేవాడు. ఇన్నేళ్ళయినా కాళ్ళు మర్చిపోలేదు. ఈ కాలేజీ పుట్టినప్పటి నుంచి ఒక్క స్టూడెంటు కూడా బయట చెప్పులు విడవలేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? పొద్దున నేనే ఆ చెప్పుల చుట్టూ రెండుసార్లు ఊడ్చాను. అప్పుడైనా తట్టాలా, లేదు.

కెప్టెన్ ఆగాడు. ఇది కాలేజీనా, మసీదా అన్నాడు. లోపల మెషీన్లున్నాయి సాయిబూ, దుమ్ము పడకూడదు అన్నాను. లోపలికి తొంగిచూశాడు. బెంచీలు తప్ప ఏమీ లేవు. బూట్లతోనే గడప దాటాడు.

అందరూ ఒక్కసారిగా లేచి, చేతులు జోడించి, నమస్కారం సా...ర్ అని రాగం తీశారు. ఊరి బడి ఊరి బడే. లేవనిది ఒక్కరే, వెనక బెంచీలో. ఆమె ఎందుకు లేవలేదు అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మద్దమ్మ కట్టు కట్టిన కాలెత్తి బెంచీ మీద పెట్టింది.

ఇళ్ళల్లో నేర్చిన అరబ్బీ ఆమెది, మామాలతో, అంటే ఇంటి యజమానురాళ్ళతో, పోట్లాడి పదునెక్కింది. గోడ మీద నుంచి పడ్డాను అంది. గోడ మీద నీకేం పని అన్నాడు. అవతలి గోడ మీద నుంచి మీ పిల్లోళ్ళు దిగుతుంటే నేను ఇవతలి గోడ ఎక్కినా అంది.

ఖాజా చేతిలో చాక్‌పీసు విరిగింది. సైనికుల్లో ఒకడు ముందుకు ఒక అడుగు వేశాడు. కెప్టెన్ వెనక్కి చూడకుండానే చెయ్యి ఎత్తి ఆపాడు. ఆ కట్టు వంక చూశాడు. ఆమె మాత్రం కాలు దించలేదు.

తర్వాత బోర్డు వైపు తిరిగాడు. ఖాజాకు తెలిసింది కారు ఒక్కటే, కాబట్టి ఇంజన్ బొమ్మ వేశాడు. ఇదేంటి అన్నాడు కెప్టెన్. ఇంజన్ సార్ అన్నాడు ఖాజా, లెక్చరర్ తానేనన్న సంగతి మర్చిపోయి. ఫ్యాన్ బెల్టు తప్పు పక్కన వేశావు అని కెప్టెన్ డస్టర్ తీసుకుని తుడిచి సరిగ్గా గీశాడు. అక్కడితో ఆగక రేడియేటర్ గీశాడు, నీళ్ళెలా తిరుగుతాయో బాణాలు వేశాడు. లచ్చన్నకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా ప్రతి వాక్యానికీ తల ఊపాడు. అసలైన స్టూడెంటు.

టీ తాగి వరండాలోకి వచ్చాక నాతో ఒక్కడితో చెప్పాడు. ఆయనదీ రెండేళ్ళ ఇన్‌స్టిట్యూటే. మోటారు మెకానిక్ కోర్సు. షెడ్డు పెట్టుకోవాలనుకున్నాడంట, సైన్యం పెట్టనివ్వలేదు. కాలేజీ తెరిచి ఉందని రాస్తాను, కానీ నా పైన వచ్చేవాళ్ళు పెద్ద కాలేజీల్లో చదివారు, వాళ్ళొచ్చినప్పుడు చెప్పులు వేసుకోమను అన్నాడు. ఆమె కాలు ఎప్పటికి బాగవుతుంది అని అడిగాడు. ఇంకో నెల అన్నాను. నెల నా చేతిలో లేదు, ఎంతుంటే అంత అన్నాడు.

10 సెప్టెంబర్, సోమవారం

చెప్పుల మీద పెద్ద గొడవ. సదువు సెప్పే తావున చెప్పులా, నా వల్ల కాదు సామీ అంటుంది మద్దమ్మ, వేసుకోవాల్సింది ఒక్క చెప్పే అయినా. తడిగుడ్డతో తుడిచి వేసుకోండి అని తీర్పు చెప్పాను. క్లాసు మొదలు కాకముందు అందరూ చెప్పులు కడుగుతున్నారు.

ఎవరైనా వచ్చి చూస్తారేమోనని రోజూ నడుపుతున్నాం. లచ్చన్న రెండో పీరియడ్ ఎగ్గొట్టి వర్క్‌షాపు వెనక బీడీ కాలుస్తున్నాడు. అన్ని బ్యాచ్‌లూ కాల్చింది అక్కడే, వాడికి ఎవరు చెప్పారో.

12 సెప్టెంబర్, బుధవారం

బదర్ మండిపడుతూ వచ్చాడు. మావాళ్ళు ఒక్క బడి కూడా తెరవలేదు, నువ్వు బెల్లు కొడతావా గంగూ, ఎవరి ఉప్పు తిన్నావు అన్నాడు. క్లాసులోకి తీసుకుపోయాను.

వెనక బెంచీలో మద్దమ్మ పక్కన కూర్చున్నాడు. ఖాజా రేడియేటర్ పాఠం మళ్ళీ చెప్పాడు, ఇంకొకటి రాదు కాబట్టి. పీరియడ్ అయ్యేదాకా బదర్ కదల్లేదు. పోతూ, బెల్లు కాస్త మెల్లగా కొట్టు, మా అమ్మకు వినిపించి నువ్వెందుకు కాలేజీకి పోలేదని నన్ను తిడుతోంది అన్నాడు.

13 సెప్టెంబర్, గురువారం

గేటు దగ్గర పిండి బస్తా, పప్పు బస్తా. బదర్ కనబడలేదు.

20 సెప్టెంబర్, గురువారం

లారీలు వచ్చాయి. ఆ కెప్టెన్ కాదు, వేరేవాళ్ళు. లేత్‌లు, డ్రిల్లింగ్ మెషీన్లు, డ్రాయింగ్ బోర్డులు, ప్రొజెక్టర్, కుర్చీలు. అన్నీ బాగ్దాద్‌కంట. మొదటి లేత్ అడుగున ప్రతి బ్యాచ్ పిల్లలూ పేర్లు గీకి ఉన్నారు. చెరపమని ముదీర్ గారు ఏటా చెప్పేవాడు, ఏటా నేను మర్చిపోయేవాడిని. పేర్లతో సహా పోయింది.

వాళ్ళకు టీ ఇవ్వలేదు. అడిగారు. పాలు లేవన్నాను. ఉన్నాయి.

వచ్చే గురువారం కల్లా బిల్డింగ్ ఖాళీ చేయాలంట. కెప్టెన్ ఏడని అడిగితే బోర్డర్‌కు మార్చారన్నారు.

23 సెప్టెంబర్, ఆదివారం

అందరి కాగితాలూ వచ్చాయి. బస్సు బుధవారం. కమిటీ మనిషి మంగళవారం వచ్చి, ఎవరెవరు నడవగలరో చూస్తాడంట.

కట్టు ఇంకా రెండు వారాలు ఉండాలి. కట్టిన డాక్టరు ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఇప్పుడే తీస్తే ఎముక ఏమవుతుందో నాకు తెలియదు అని మద్దమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. తీయకపోతే నేనేమవుతానో నాకు తెలుసు గదన్నా, కోసెయ్‌మను అంది.

24 సెప్టెంబర్, సోమవారం

లచ్చన్న కోశాడు. హాక్సా బ్లేడు ఒకటి లారీల వాళ్ళకు దొరక్కుండా నడుముకు కట్టుకున్నాడు. అక్కా, కదలకు, నేను గోడలు చెక్కిన గని కాళ్ళు చెక్కలే అంటూ చెమటలు కారుస్తూ కోశాడు. మద్దమ్మ కళ్ళు మూసుకుని వాడికి ధైర్యం చెబుతూ కూర్చుంది.

కాలు సన్నగా, తెల్లగా, ఎవరిదో అన్నట్టుంది. మొదటి అడుగుకు పడింది. రెండోసారి ఖాజా పట్టుకున్నాడు. వర్క్‌షాపు ఇప్పుడు ఖాళీ మైదానం కదా, అందులో నడిపించాం. ఒక్కతే నడిస్తే సిగ్గుపడుతుందని బ్యాచ్ మొత్తం ఆమె వెంట గోడ చుట్టూ నడిచింది. బెల్లు కొట్టినప్పుడల్లా కూర్చోవాలి, మళ్ళీ కొడితే లేవాలి. ఈ రోజు అన్నీ ప్రాక్టికల్సే.

25 సెప్టెంబర్, మంగళవారం

కమిటీ మనిషి గేటు దగ్గర నిలబడ్డాడు. మద్దమ్మ మూడో రూము నుంచి గేటు దాకా నడిచింది. చెయ్యి పట్టుకోనివ్వలేదు. కుంటుతోంది, చెమట కారుతోంది, ముఖంలో మాత్రం ఏమీ లేదు. ఆయన అనుమానంగా, ఇంకోసారి నడువమ్మా అన్నాడు. నువ్వొకసారి నడువు సామీ, చూస్తా అంది. ఆయన పొట్ట పెద్దది. పేరు రాసుకున్నాడు.

ఈ కాలేజీ చరిత్రలో అందరూ పాసైన బ్యాచ్ ఇదొక్కటే.

నేను పోనన్నాను. కాలేజీ ఎవరు చూస్తారు అన్నాను. మద్దమ్మ మూట విప్పి కింద పెట్టింది. అయితే నేనూ పోను, మళ్ళా కట్టు కట్టించు అంది. ఖాజా, లచ్చన్న కూడా మూటలు దించారు. స్ట్రైకు. ఇంతకు ముందు బ్యాచ్‌లు కూడా చేశాయి గానీ నా మీద ఎవరూ చేయలేదు.

సాయంత్రం బదర్‌కు కబురు పంపాను.

26 సెప్టెంబర్, బుధవారం, ఉదయం ఐదున్నర

తాళాల గుత్తి బదర్ చేతిలో పెట్టాను. ఏ తాళం ఏ గదిదో చెబుతుంటే, గదుల్లో ఏముంది గంగూ అన్నాడు. గదులున్నాయి కదా అన్నాను. మొత్తం చెప్పించుకున్నాడు.

బస్సు గేటు బయట ఉంది. మద్దమ్మ రెండు కాళ్ళ మీదా మెట్టెక్కి అక్కడే నిలబడింది, నేనెక్కేదాకా కూర్చోదంట. డ్రైవరు హారన్ కంటే ఆమె గొంతే పెద్దగా ఉంది, గంగులన్నా, యల్లా, యల్లా అని. వస్తున్నా తల్లీ. వర్క్‌షాపు వెనక కొళాయి ఒకటి కారుతోంది, బదర్‌కు అది చెప్పడం మర్చిపోయాను, దాని పిడి ఎడమకు తిప్పి కొంచెం...